నిండు ముంతల పేట

మఠం పెద్ద మరిడమ్మగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. ఏదో ఒక పని పురమాయించి, అది చేసి వచ్చాక ఇంకా అడగాలని ఉంటే అప్పుడు అడగమనేవారు. అలా వెళ్ళినవాళ్ళలో సగం మంది మళ్ళీ ఆ ప్రశ్న ఎత్తేవారు కారు. తక్కినవాళ్ళు వేరే ప్రశ్న పట్టుకొచ్చేవారు.

దాలినాయుడు ఆవిడ దగ్గర పద్నాలుగేళ్ళుగా ఉన్న శిష్యుడు. మఠానికి వచ్చే ధర్మం గింజలన్నీ అతని చేతి మీదుగానే నడిచేవి. మనిషి నిజాయితీపరుడు, మఠం గింజ ఒక్కదాన్ని కూడా తన ఇంటి గడప తొక్కనిచ్చినవాడు కాదు. ఒకనాటి ఉదయం మరిడమ్మగారు చింతపండులో పిక్కలు తీస్తూ ఉంటే అతను ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, ఇచ్చే చేతులు ఉన్నాయి గానీ పుచ్చుకునే చేతులు కనపడటం లేదు. గాదె నిండిపోయి బస్తాలు వసారాలో పెట్టుకుంటున్నాం. ఇక ఈ ధర్మాన్ని ఏం చెయ్యమంటారు? మీరు సరే అంటే రాతి మండపం ఒకటి కట్టిద్దామని నాకుంది."

"పదకొండు పేటల్లోనూ లేనివాళ్ళు లేరంటావు?"

"లేరమ్మా. ముంతలే చెబుతున్నాయి కదా."

ఈ ముంతల సంగతి కాస్త చెప్పాలి. గెడ్డ అని పిలిచే ఏటి వెంట ఎగువ నుంచి దిగువ దాకా పదకొండు పేటలున్నాయి. వెనక ఒక పెద్ద గాలివాన వచ్చినప్పుడు ఒక పేటలో ధాన్యం తడిసి మొలకలెత్తిపోతూ ఉంటే, పక్క పేటలో పిల్లలు గంజికి ఏడుస్తూ ఉండటం మరిడమ్మగారు కళ్ళారా చూశారు. అప్పుడు పెట్టిన ఏర్పాటు అది. ప్రతి ఇంటి చూరుకీ ఒక మట్టిముంత వేలాడుతూ ఉంటుంది. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి అందులో వేస్తుంది. శుక్రవారం నాడు మఠం మనిషి వచ్చి ముంతలన్నీ గోనెలోకి వంపుకుపోతాడు. అదే ఉమ్మడి గాదె. ఎగువన పంట ఎండితే దిగువ పేటల పిడికిళ్ళు ఎగువకి వెళ్ళేవి, దిగువన గెడ్డ పొంగితే ఎగువవి కిందికి దిగేవి. మంత్రసానికి ఏడాది గ్రాసం, గెడ్డ దాటే పడవకి మోకు, బావుల్లో పూడిక తీసేవాళ్ళకి కూలి గింజలు, అన్నీ ఆ గాదెలోంచే.

అందులో ఒక మర్యాద ఉంది. ఎవరూ నోరు తెరిచి అడగనక్కర్లేదు. ఇంట్లో గింజ లేనివాళ్ళు ముంత ఖాళీగా వదిలేస్తే చాలు. మఠం మనిషి దాన్ని చూసీ చూడనట్టు పక్క ఇంటికి వెళ్ళిపోతాడు. మర్నాడు పేట జనమంతా పొలాల్లో ఉన్న వేళ ఆ ఇంటి పెరటి గుమ్మంలో ఒక బియ్యం మూట ఉంటుంది. ఎవరు పెట్టారని ఇంటివాళ్ళు అడగరు. ఎవరికి పెట్టామని మఠం చెప్పదు.

మూడేళ్ళ కిందట దాలినాయుడు దీనికి ఒక మెరుగు దిద్దాడు. జనం హుషారుగా ఇవ్వాలని, ఏడాది పొడుగునా ఒక్క ముంతా ఖాళీగా కనపడని పేటకి మఠం తరపున పసుపు జెండా ఇవ్వడం మొదలెట్టాడు. జెండా ఉన్న పేటవాళ్ళు ఆరాధన నాడు పల్లకీ ముందు కొమ్ము పట్టుకుంటారు. జెండా ఉన్న పేట కుర్రాడికి పిల్లనివ్వాలంటే వాకబు కూడా చెయ్యక్కర్లేదన్నంత పేరు వచ్చింది. మొదటి ఏడు రెండు పేటలకి జెండా వచ్చింది. మూడో ఏటికి పదకొండింటికీ వచ్చింది. మరిడమ్మగారు అవునని అనలేదు, కాదనీ అనలేదు.

ఇప్పుడు మండపం మాటకి కూడా ఆవిడ అలాగే ఊరుకుని, పిక్కలు చేటలోకి తోసి అన్నారు:

"ఈ శుక్రవారం గెడ్డపేటకి ముంతలు వంపుకురావడానికి గంగుల్ని పంపకు. గోనె పట్టుకుని నువ్వే వెళ్ళు. వాడు ఎండెక్కాక వెళ్తాడు, నువ్వు పొద్దుటే వెళ్ళు."

అందరి కంటే ముందు జెండా తెచ్చుకున్న రెండు పేటల్లో గెడ్డపేట ఒకటి. శుక్రవారం నాడు దాలినాయుడు ఆ పేట మొగదలకి చేరేసరికి ఇంకా ఇళ్ళ మీద పొగ లేవలేదు. పేటకి పెద్దదిక్కులాంటి అచ్చియ్యమ్మ బుట్ట ఒకటి చంకన పెట్టుకుని ఒక చూరు నుంచి ఇంకో చూరుకి తిరుగుతోంది. ముంత దించడం, దోసెడు పొయ్యడం, మళ్ళీ తగిలించడం. అతన్ని చూసి బుట్ట కొంగుతో కప్పుకుంది.

"ఓలమ్మ, నాయుడు బాబే! మీరొచ్చేరేటి? గంగులు ఉన్నాడా పోయేడా?"

"ఉన్నాడప్పా, ఇవాళ నేను వచ్చాను. ఆ బుట్టేమిటి?"

"ఏటీ నేదు బాబూ. కోళ్ళకి గింజలు."

"మీ పేటలో కోళ్ళు ముంతల్లో కాపురం ఉంటున్నాయా?"

అచ్చియ్యమ్మకి నవ్వు ఆగలేదు. ఎక్కువసేపు అబద్ధం మోయగలిగే మనిషి కాదు ఆమె.

"మీ కాడ దాపరికమేటి బాబూ. రెండేళ్ళయి వానల్లేవు, గోగు ఎండిపోయింది. కొన్ని ఇళ్ళల్లో ముంత ఖాళీగా తేలిపోతంది. పేట పరువు పోద్దని ఉన్నోళ్ళం తలో దోసెడూ ఏసి అలాటి ముంతలు నింపుతన్నాం. మఠానికి దగా సేసేమా సెప్పండి? ఎవుల బియ్యమైతే ఏటి, బియ్యం బియ్యమే గదా!"

దాలినాయుడికి కోపం రాలేదు. పైపెచ్చు గుండె పొంగింది. పక్కింటి ముంత కూడా తమదే అనుకునే పేట ఇంకెక్కడుంటుంది అనుకున్నాడు. ఈ మాట అమ్మగారికి ఎలా చెప్పాలో మనసులో పేర్చుకుంటూ ఆమె వెనకే నడిచాడు. ఆమె నింపుతూ ఉంటే అతను గోనెలోకి వంపుకున్నాడు. ఇద్దరూ కబుర్లాడుకుంటూ పేట చివర సన్నెమ్మ ఇంటికి చేరారు.

సన్నెమ్మ మొగుడు గోగుచేలో పాము కరిచి పోయి నాలుగు నెలలయింది. ఆమె అరుగు మీద గోడకి జారబడి కూర్చుని ఉంది. ఒళ్ళో ఇరవై నాలుగు రోజుల బిడ్డ. బిడ్డ ఏడుస్తోంది గానీ దగ్గరికి వచ్చేదాకా ఏడుపని తెలియలేదు, అంత సన్నగా ఉంది ఆ గొంతు. అచ్చియ్యమ్మ ముంత దించి దోసెడు బియ్యం పోసింది. గింజలు ముంతలో పడే చప్పుడుకి సన్నెమ్మ తల అటు తిరిగింది. కళ్ళు ముంత మీదే నిలబడిపోయాయి. మళ్ళీ ఆమె తనంతట తానే తల దించుకుంది.

ఆ చూపు దాలినాయుడు చూశాడు. గోనె నేల మీద పెట్టేశాడు.

"బిడ్డ ఎందుకమ్మా అలా ఏడుస్తోంది?"

"పాలు పడటం నేదు బాబూ."

"ఎన్నాళ్ళయింది నువ్వు తిని?"

అచ్చియ్యమ్మే అందుకుంది. "గంజి పోస్తన్నాం బాబూ. నిన్న మా ఇంట్లోది పోసేను. మొన్న ఎవులు పోసేరో మరి. మాకు మాత్రం గాదెలున్నాయేటి?"

దాలినాయుడు ముంత తీసి సన్నెమ్మ పక్కన పెట్టాడు. "ఇవి వండుకో అమ్మా. నేను మఠానికి వెళ్ళి మూట పంపిస్తాను."

సన్నెమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. "ఒద్దు బాబూ. అది పేటోళ్ళ బియ్యం. నా ముంత ఖాళీ పడితే జెండా దిగిపోద్ది. నా మూలంగానే పోయిందంటారు."

"ఎవరంటారు? నేను చెబుతున్నాను, ఎవరూ అనరు."

"మీరు సెప్పి మఠానికెళ్ళిపోతారు బాబూ. నేనిక్కడే ఉండాల."

దాలినాయుడు అచ్చియ్యమ్మ వైపు తిరిగాడు, నువ్వయినా అనమని చెప్పు అన్నట్టు. ఆమె కాలి బొటనవేలితో నేల గీసింది.

"అంటాం బాబూ," అంది. "అనకుండా ఎలగుంటాం? మావోడికి పై నెల్లో ముహూర్తం. జెండా సూసే గదా ఆళ్ళు పిల్లనిస్తన్నారు."

అని, ముంత అందుకుని లోపలికి వెళ్ళింది. తనని తానే తిట్టుకుంటూ, మొగుణ్ణి, మఠాన్ని, రాని వానల్ని, అందర్నీ కలిపి తిట్టుకుంటూ గంజి కాచింది. సన్నెమ్మ నాలుగు గుక్కలు తాగింది. బిడ్డని రొమ్ముకి ఆనిస్తే పెదవులు ఆనాయి గానీ లాగలేకపోయింది. దాలినాయుడు మంత్రసాని కోసం పడవ ఎక్కి ఎగువ పేటకి వెళ్ళాడు. ఆమె వేరే పురుడు మీద ఉంటే ఆ గుమ్మంలోనే నిలబడి, పని కాగానే వెంటబెట్టుకుని తిరిగి వచ్చాడు. వచ్చేసరికి పొద్దు వాలింది. అచ్చియ్యమ్మ అరుగు మీద పాత చీరముక్క చుట్టిన బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడుపు వినపడటం లేదు. మంత్రసాని ఒకసారి చీరముక్క తొలగించి చూసి, మళ్ళీ కప్పేసింది.

ఆడపిల్ల. పేరు లేదు. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టాలంటే నలుగురికి అన్నం పెట్టాలి. అందుకని ఆపుకున్నారు. చీకటి పడకముందే గెడ్డ ఒడ్డున గుంట తీశారు. గుంట తీసినవాళ్ళలో దాలినాయుడు ఒకడు.

మఠానికి వచ్చి, సన్నెమ్మ పెరటి గుమ్మానికి బియ్యం మూట పంపించి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. మరిడమ్మగారు ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు అతనే అడిగాడు.

"అమ్మా, జెండాలు పెడతానన్ననాడే ఇది తప్పని మీకు తోచలేదా?"

"తోచింది," అన్నారు ఆవిడ.

"మరెందుకు చెప్పలేదమ్మా?"

"గాదె నిండుతూ ఉంటే నాకూ బాగుంది నాయనా."

దాలినాయుడు ఆ వారమంతా పేట పేటకీ తిరిగి జెండాలు దింపించాడు. కొన్ని పేటల్లో జనం కొట్టడానికి వచ్చినంత పని చేశారు. ఒకచోట ఒక ముసలాయన, "ఇచ్చింది నువ్వే, లాక్కుంటున్నది నువ్వే, మధ్యలో మేం చేసిన పాపమేటి?" అని అడిగితే దాలినాయుడు జెండా మడిచి చంకన పెట్టుకుని కదిలాడు. గెడ్డపేటలో అచ్చియ్యమ్మ తనే కర్ర వంచి జెండా విప్పి ఇచ్చింది. పెళ్ళి మాట అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

తరవాతి శుక్రవారం అతను గంగుల్ని ఎగువకి పంపి, దిగువ పేటలు తనే చూసుకున్నాడు. ఆ రోజు బయటపడిన లేమికి లెక్క లేదు. చూరు తరవాత చూరు, ముంత తరవాత ముంత, ఖాళీ. కొందరు దుమ్ము కూడా తుడవకుండా వదిలేశారు. ఏళ్ళ తరబడి దిట్టంగా ఉన్నారనుకున్న ఇళ్ళ ముంతలు గాలికి ఊగుతున్నాయి. శనివారం నాడు మఠం మనుషులంతా మూటలు మోశారు. రెండు రోజులకే వసారాలో బస్తాలు అయిపోయాయి, గాదె అడుగు కనపడింది.

పని ముగించుకుని దాలినాయుడు మరిడమ్మగారి ముందు కూర్చున్నాడు. భుజాలు పుండ్లుపడి ఉన్నాయి.

"అడగాల్సింది ఇంకా ఉందా?" అన్నారు ఆవిడ.

"ఉందమ్మా. దిగువ ముంతలన్నీ తిరిగాను. గెడ్డపేటలో ఇంటింటా ఖాళీ. ఒక్క సన్నెమ్మ ముంతే నిండుగా ఉంది. అంచు దాకా ఉంది. అచ్చియ్యమ్మని అడిగితే తను పొయ్యలేదంది, ఎవరూ పొయ్యలేదంది. సన్నెమ్మకి కాస్త ఆదరువు దొరికిందనుకోవచ్చా?"

"ఆమెనే అడక్కపోయావా?"

"అరుగు దాకా వెళ్ళానమ్మా. తలుపు దగ్గరగా వేసి ఉంది. తట్టలేక వచ్చేశాను. ఏ మొహం పెట్టుకుని ఆ ఇంట్లోకి వెళ్ళను?"

మరిడమ్మగారు లేచి, దండెం మీది కండువా తీసి అతని భుజం మీద వేశారు.

"ఉన్న మొహం పెట్టుకునే వెళ్ళు నాయనా. ముందు ఆ ఇంటి పొయ్యి వెలిగిందో లేదో చూసిరా."