చిలక మెడకు దారం

“పొన్నారీ... ఓ పొన్నారీ...”

ఒకప్పుడు, ఏ చిలక మెడకూ గీత లేని కాలంలో, ఒక తల్లి చిలక ఇలా పిలుస్తూ అడవంతా తిరిగింది. గొంతు బొంగురుపోయింది. కూతురు మాత్రం పలకలేదు.

మోదుగు అనే కొడుకు ఒక కొమ్మ మీద ముడుచుకుని కూర్చున్నాడు. చెల్లెలు ఏమైందో వాడికి తెలుసు.

ఆ పొద్దున జరిగిన సంగతి అది. మర్నాడు ఊళ్లో పెళ్లి. సారెలో పెట్టే పంచదార చిలకల కోసం వడ్రంగి తాత టేకుచెక్కతో అచ్చు చెక్కాడు. రెండు బద్దలు, లోపల చిలక ఆకారంలో గుంట. బద్దలు కలిపి దారం కట్టి, అడుగునున్న కంతలోంచి పాకం పోస్తారు.

పొన్నారిని ఎదురుగా కూర్చోబెట్టుకునే తాత ఆ గుంట చెక్కాడు. “నీకు నిలకడ లేదురా, నిన్ను చెక్కితే నా ఉలి విరుగుద్ది” అని మోదుగుని తరిమేశాడు.

“అన్నా, రేపు పెళ్లిపళ్లెంలో కూర్చునేది నేనే. నువ్వు గోడమీంచి చూద్దువుగాని” అని పొన్నారి ఉడికించింది.

“ఆ గుంట నీలా లేనేలేదు. ఏదీ, పడుకో చూద్దాం” అన్నాడు మోదుగు.

పొన్నారి నవ్వుతూ గుంటలో పడుకుంది. వాడు రెండో బద్ద మూసి, ఎర్రదారం ముక్కుతో లాగి బిగించాడు. కాసేపు ఏడిపించి విప్పుదామనుకున్నాడు.

అంతలో మిఠాయిలవ్వ పాకం గిన్నెతో వచ్చింది. దారం కట్టే ఉంది కదా అని అచ్చు బోర్లించింది. ఒక్క అరుపు అరిస్తే చాలు. తాత తిడతాడని మోదుగు నోరు మూసుకున్నాడు.

అవ్వ పాకం పోసింది.

చల్లారాక విప్పితే, వెన్నెల ముద్దకట్టినట్టు తెల్లటి చిలక. రెక్క దగ్గర ఒక పచ్చటి ఈక పంచదారలో గడ్డకట్టి ఉంది.

“చిలకమ్మా, గూటికి పో” అంది గాలి, వెతికి వెతికి కొడుకు పక్కన వాలిన తల్లితో. “సముద్రం మీంచి తుఫానుని తోలుకొస్తున్నాను. ఇవాళ నాకు ఎదురొచ్చినవాళ్లు తిరిగి రారు.”

“నా పిల్ల ఆ సముద్రపు గట్టున ఉందేమో, చూసొస్తాను” అని తల్లి రెక్కలు విప్పింది. “మోదుగూ, చెల్లి వస్తే జామకాయ పెట్టు. ఆకలికి ఆగలేదది.”

ఆ మాటకి మోదుగు నిలవలేకపోయాడు.

“వెళ్లకమ్మా. చెల్లి రాదు. దారం కట్టింది నేనే. పాకం పోస్తుంటే చూస్తూ ఊరుకుందీ నేనే.”

తల్లి రెక్కలు ముడిచింది. తిట్టలేదు. కొడుకు మెడవైపే చూస్తూ ఉండిపోయింది. అక్కడ దారం ఒరుసుకున్నట్టు ఎర్రగా ఒక గీత లేచింది.

అప్పటినుంచే మగచిలక మెడ చుట్టూ ఆ గీత. ఆడచిలకకు ఉండదు. పసికూనలకూ ఉండదు. మగకూన పెరిగి, తప్పు తప్పని తెలిసే వయసొచ్చాక మెల్లగా తేలుతుంది. ఎన్ని వానలు తడిపినా పోదు.