ఓబుళమ్మ నొక్కిన గంట

నంద్యాలలో ఎన్నో ఇళ్లకు వైఫై పెట్టిన మద్దిలేటికి ఓబుళమ్మగారి పాత మిద్దింట్లో తల బొప్పికట్టింది.

మూరన్నర మందం రాతిగోడలు. వెనకగదిలో మంచం దిగలేని ఓబుళమ్మ. ఆమె చేతికందేలా ఒక మీట పెట్టాడు. అది నొక్కితే వైఫై మీదుగా కబురు పోయి హాలు పక్కనున్న వంటింట్లో గంట మోగాలి. లైట్లూ ఫ్యాన్లూ ఫోనుతో ఆడితే ఎంత, ఆడకపోతే ఎంత? కూతురు పద్మావతికి కావలసింది ఆ గంటే. పోయిన వారం ముసలామెకు ఆయాసం వచ్చి మీట నొక్కితే గంట మోగలేదు. పద్మావతి ఏదో పనిమీద అటు పోబట్టి గండం తప్పింది.

వైఫై సిగ్నలు పంచే పెట్టెకు, అదే యాక్సెస్ పాయింటుకు, బలం చాలలేదేమోనని మద్దిలేటి దానికంటే పెద్దది తెచ్చాడు. అదీ చాలక ఇంకా జబర్దస్తుది తెచ్చి హాల్లో బిగించాడు. వెనకగదిలో ఫోను చూస్తే సిగ్నలు గీతలన్నీ నిండుగా ఉన్నాయి. మీట నొక్కితే మాత్రం గంట ఉలకదు, పలకదు. మీట మార్చాడు. బ్యాటరీ మార్చాడు. ఇంకేం మార్చాలో పాలుపోక గురువును పిలుచుకొచ్చాడు.

గురువు ఉస్తాద్ హుస్సేన్ పీరా. యాభై ఏళ్లు పెళ్లిళ్లకూ జాతరలకూ మైకుసెట్లు కట్టిన మనిషి. వైఫై గురించి ఆయనకు తెలిసింది సున్న. మద్దిలేటికి తీగ ముడేయడం నేర్పింది మాత్రం ఆయనే.

"ఇంకా పెద్దది హైదరాబాదులో దొరుకుతాదంట ఉస్తాద్. తెప్పించమంటారా?"

ఉస్తాద్ తలెత్తి గోడమీది పెట్టెను చూశాడు. హాల్లో ఆ పెట్టె కిందే స్టూలేసుకుని కూర్చుని, "ఓబుళమ్మా, బాగుండావా?" అని కేకేశాడు.

ఏ జవాబూ రాలేదు. మళ్లీ కేకేశాడు. ఈసారి పద్మావతి హడలిపోయి వంటింట్లోంచి తొంగిచూసింది. వెనకగదిలో అలికిడి లేదు.

"ఆయమ్మకు ఇనపళ్లేదు ఉస్తాద్."

"పోయి కనుక్కోపో."

మద్దిలేటి వెళ్లాడు. ఓబుళమ్మ దిండుమీద తల తిప్పింది. ఆమె పెదవుల దగ్గర చెవి పెడితే గాని మాట అందలేదు.

"రెండుతూర్లూ పలికితి గద నాయనా. ఆయప్ప గొంతు బాగానే ఇనపడె. నా గొంతే ఆడిదాకా పోల్యా."

మద్దిలేటి ఆమె చేతి పక్కనున్న మీటను చూశాడు. గడియారంలో వేసేపాటి బ్యాటరీతో బతికే మీట; దాని గొంతూ హాల్లో పెట్టెదాకా పోవడం లేదు. ఆ రోజు ఆయాసంలో ఎన్నిసార్లు నొక్కిందో అడగబోయాడు. సిగ్గేసి మీటను ఆమె వేళ్ల దగ్గరికి జరిపాడు.

వెనక చప్పుడైతే తిరిగి చూశాడు. ఉస్తాద్ స్టూలు ఈడ్చుకొచ్చి ఓబుళమ్మ గడప దగ్గర వేసుకుని కూర్చున్నాడు. చెవి ముందుకు వంచాడు. ఈసారి గొంతెత్తలేదు.

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నాడు.