ముట్టినట్టు రాసిచ్చిన చీటీ

అనగనగా అంటే మరీ అంత పాతకాలం కాదర్రా. ఎర్రమట్టి కొండల వెనక ఒక అడవి ఉండేది. ఆ అడవిలో బ్రహ్మయ్య అనే వడ్రంగిపిట్ట, అతని భార్య కామాక్షమ్మ ఒక మద్దిచెట్టు తొర్రలో కాపురం ఉండేవారు. వాళ్ళకి ఇంకా రెక్కలు రాని పిల్లలు ముగ్గురు.

బ్రహ్మయ్య ఎవరి దగ్గరా కొలువు చేసేవాడు కాదు. ఎవరు పిలిస్తే వాళ్ళకి వెళ్ళి తొర్ర తొలిచి పెట్టేవాడు. ఒక్కో తొర్రకి పది చింతగింజలు కూలి. ఆ అడవిలో చింతగింజలే డబ్బు. అతని పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. అతనికున్న జబ్బల్లా ఒక్కటే, మొహమాటం.

ఆ అడవిలో సుంకం ఒకటి ఉండేది. మన దగ్గర జీఎస్టీ అంటారే, దానికి దగ్గర చుట్టం. పది గింజల పని చేయించుకున్నవాడు, సరుకు కొన్నవాడు, అద్దెకున్నవాడు ఎవరైనా పైన ఇంకొక గింజ ఇవ్వాలి. ఆ గింజ పనివాడిది కాదు, అడవిది. పనివాడు దాన్ని దాచి, అమావాస్య రోజున సుంకం గుహలో కట్టాలి. తన పని కోసం సరుకు కొన్నా, ఇంకొకరి చేత పని చేయించుకున్నా, తను ఇచ్చిన సుంకాన్ని మాత్రం చీటీ చూపించి అందులోంచి తగ్గించుకోవచ్చు. ఆ గింజలతోనే ఏనుగుల చేత ఎండాకాలం చెలమలు తవ్వించేవారు. అందరూ ఆ నీళ్ళే తాగేవారు కాబట్టి సుంకం మీద ఎవరికీ కోపం లేదు.

ఒకనాడు ఉడత తొర్ర చేయించుకుంది. పది గింజలు కూలి, ఒక గింజ సుంకం లెక్కపెట్టి ఇచ్చింది. బ్రహ్మయ్య మోదుగాకు మీద ముక్కుతో గీసి, ముట్టినట్టు చీటీ ఇచ్చాడు. కామాక్షమ్మ ఆ ఒక్క గింజనూ వేరే కన్నంలో దాచింది.

తరువాత చిలక తొర్ర చేయించుకుంది. పది గింజలు ఇచ్చి ఊరుకుంది.

"సుంకం గింజ అమ్మా..." అని నసిగాడు బ్రహ్మయ్య.

"మనలో మనకి సుంకమేమిటి బాబాయ్! పక్క కొమ్మ వాళ్ళం!" అంది చిలక.

బ్రహ్మయ్య ఆ గింజ తన కూలిలోంచే తీసి కన్నంలో వేశాడు.

"ఇవాళ ఒక గింజ పోయింది. రేపు ఎంత పోతుందో! అడిగితే నీ ముక్కు ఊడిపోతుందా?" అని కామాక్షమ్మ కసిరింది.

మూడో బేరం తెచ్చినవాడు కోదండం. కోదండం అంటే కాంట్రాక్టులు చేసే కొండముచ్చు. వలస పిట్టలకి అద్దెకిచ్చేందుకు సత్రం కడుతున్నాడు. ఒకే వరసలో నలభై తొర్రలు కావాలన్నాడు. కూలి నాలుగు వందలు, సుంకం నలభై, మొత్తం నాలుగు వందల నలభై. బయానాగా యాభై ఇచ్చాడు.

తొర్ర అంచుకి బంక పూస్తే చీమలు ఎక్కవు. బ్రహ్మయ్య ఆ యాభై గింజలూ పెట్టి, సుంకం అయిదూ చేతి నుంచి వేసి, ఎలుగుబంటి దగ్గర బంక కొన్నాడు. నెల్లాళ్ళు ముక్కు అరిగేలా తొలిచాడు. పని అయిపోయింది. అమావాస్య నాలుగు రోజుల్లోకి వచ్చింది.

అప్పుడు కోదండం ఒక మోదుగాకు పట్టుకుని వచ్చాడు.

"తమ్ముడూ, దీని మీద మొత్తం ముట్టిందని రాసియ్యి. సుంకం వేరుగా చూపించు. నీ గింజలు అమావాస్యలోగా నేనే తెచ్చిస్తాను."

"గింజలు ముట్టాక రాస్తే..." అన్నాడు బ్రహ్మయ్య మెల్లగా.

కోదండం ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "అంతేలే. ఇన్నాళ్ళూ తమ్ముడని తిరిగాను. నా మీద ఆ మాత్రం నమ్మకం లేదన్నమాట."

లోపలి నుంచి కామాక్షమ్మ వద్దు వద్దని తల ఊపింది. బ్రహ్మయ్య చూశాడు. చూసి కూడా, ఇంటికొచ్చిన పెద్దమనిషి నొచ్చుకుంటాడని రాసిచ్చేశాడు. నాలుగు వందల నలభై ముట్టినవి. అందులో సుంకం నలభై.

అమావాస్య వచ్చింది, గింజలు రాలేదు. బ్రహ్మయ్య కన్నంలోని రెండు గింజలే పట్టుకుని సుంకం గుహకి వెళ్ళాడు. అక్కడ లెక్కలు చూసేది ముళ్ళపంది. తన ముల్లు తనే పీకి రాసుకునేది.

"ఉడత ఒకటి, చిలక ఒకటి, రెండూ ముట్టాయి. కోదండం సత్రానికి నలభై. బంక మీద నువ్విచ్చిన అయిదు పోను, ముప్ఫై అయిదు కట్టు," అంది ముళ్ళపంది.

"అయ్యా, ఆయన నాకు ఇవ్వలేదు. నా దగ్గరకి రాని సుంకం ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

"ఇవ్వకపోతే ఇచ్చాడని ఎందుకు రాశావు? ఇదిగో నీ చీటీ. పొద్దున్నే తెచ్చి చూపించాడు. సత్రంలో దిగిన వలస పిట్టల దగ్గర అతను వసూలు చేసిన సుంకం అరవై. నీకు ఇచ్చిన నలభై తగ్గించుకుని ఇరవై కట్టి వెళ్ళాడు."

బ్రహ్మయ్యకి అప్పుడు అర్థమైంది. తనకి ఇవ్వని నలభై గింజలని ఇచ్చానని చూపించి, కోదండం ఆ నలభై మిగుల్చుకున్నాడు. ఆ నలభై భారం ఇప్పుడు తన నెత్తిన పడింది. పిల్లలూ, ఇది అన్యాయం కాదా అంటారా? అన్యాయమే. దానికి దస్తూరీ మాత్రం బ్రహ్మయ్యది.

"నీ మీద నాకు జాలే. కానీ నేను చూసేది ఆకు. మూడు రోజుల్లో కట్టకపోతే మద్దిచెట్టు తొర్ర జప్తు," అంది ముళ్ళపంది.

బ్రహ్మయ్య సత్రానికి రివ్వున ఎగిరాడు. కోదండం ఊయల మీద ఉన్నాడు.

"కోదండం గారూ, నా మూడు వందల తొంభై ఇప్పించండి. గూడు పోతుంది. పిల్లలకి రెక్కలు రాలేదు."

"ఏ మూడు వందల తొంభై? మొత్తం ముట్టిందని నీ చేత్తోనే రాశావుగా!" అన్నాడు కోదండం.

బ్రహ్మయ్య బతిమాలాడు. ఏడ్చాడు. చిలక దగ్గరకి వెళితే, రాసిచ్చినవాడికి సాక్ష్యం ఎలా చెప్పను బాబాయ్ అంది. ఉడత అయిదు గింజలు అప్పిచ్చింది. అంతకు మించి దాని దగ్గరా లేవు.

నాలుగో రోజు తొర్ర జప్తు అయింది. సాయంత్రానికి వాన పట్టుకుంది. అడవిలో బ్రహ్మయ్య తొలిచిన తొర్రలు వందకి పైన ఉన్నాయి. దాదాపు అన్నిటిలోనూ ఎవరో ఒకరు ఉన్నారు. వలస పిట్టలు వెళ్ళిపోయి ఖాళీ అయినవి సత్రంలోనే ఉన్నాయి.

వానలో తడుస్తూ, పిల్లల్ని రెక్కల కింద కప్పుకుని, భార్యాభర్తలు సత్రం గుమ్మంలో నిలబడ్డారు.

"ఒక తొర్ర ఇవ్వండి," అని కామాక్షమ్మే అడిగింది. బ్రహ్మయ్య తలెత్తలేదు.

"దానికేం భాగ్యం! రోజుకి అయిదు గింజలు. మన ఇంటివాళ్ళు కదా, మీకు సుంకం నేనే వేసుకుంటాను," అన్నాడు కోదండం.

కామాక్షమ్మ ఉడత ఇచ్చిన అయిదు గింజలూ చూపించింది. "చీటీ రాయండి, ఇస్తాను."

కోదండం నవ్వి చెయ్యి చాపాడు. "ముందు గింజలమ్మా. పుచ్చుకోకుండా నేను ఎవరికీ చీటీ రాయను."

కామాక్షమ్మ గింజలు ఇచ్చేసి పిల్లల్ని లోపలికి తీసుకుపోయింది. రేపటి అద్దెకి ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియదు.

నీతి: చేతికి రానిదాన్ని ముట్టిందని మొహమాటానికి రాసిచ్చేవాడు, తన కూలి పోగొట్టుకోవడమే కాక ఎదుటివాడి సుంకం కూడా తన గూడు పెట్టి కట్టుకుంటాడు.