గొణిగిన విల్లు

అనగనగా కొండలు ఎక్కువా పొలాలు తక్కువా ఉన్న ఒక సీమ. అక్కడ పుట్టిన కథ ఇది. నవ్వుకోవడానికి చెప్పే కథ కాదు, అయినా పిల్లలు వినాల్సిందే.

ఆ సీమలో మైలారన్న అని విళ్లు చేసేవాడు ఉండేవాడు. తండ్రీ తాతా కూడా అదే పని చేశారు. ఆ ఇంటి విల్లు వంగుతుంది గాని విరగదని సీమంతా చెప్పుకునేది. మైలారన్న కూడా చెప్పుకునేవాడు. అందరికన్నా కాస్త ఎక్కువగానే చెప్పుకునేవాడు.

విల్లు చేయడమంటే ఏదో ఒక కర్ర వంచి తాడు కట్టడం కాదు. అడవిలో మంచి చరచి మాను చూసుకోవాలి. దాన్ని కొట్టి, నిలువునా చీల్చి, ఆ బద్దల్ని అటక మీద నీడపట్టున పడెయ్యాలి. ఏడాది తిరిగేదాకా వాటి జోలికి పోకూడదు. ఆరాక బాడిశతో చెక్కాలి. ఏ పక్క గట్టిగా ఉందో ఆ పక్కనే కొంచెం గీకాలి, వంచి చూడాలి, మళ్లీ గీకాలి. రెండు కొనలూ ఒక్కతీరుగా వంగాలి. ఒకసారి తీసేసిన చెక్కను మళ్లీ అతికించలేం కదా, అందుకే ఆ పనిలో తొందర కుదరదు.

ఆ ఇంట్లో రెండు కట్టుబాట్లు ఉండేవి. వంచేటప్పుడు విల్లు గొణిగితే, అంటే లోపల ఎక్కడో నార తెగి 'టిక్'మని చప్పుడు చేస్తే, దాన్ని అక్కడికక్కడే మోకాలికేసి విరిచెయ్యాలి. రెండోది, ఏ వింటినుంచైనా తొలిబాణం ఆ విల్లు చేసినవాడే వెయ్యాలి. ఎందుకో తండ్రి చెప్పలేదు, మైలారన్న అడగలేదు.

ఒక వేసవిలో ఆ సీమకు చిరుత బెడద పట్టుకుంది. మొదట మేకలు పోయాయి. తర్వాత కట్టెలకు వెళ్లిన ఒక ముసలాయన పోయాడు. ఆ తర్వాత నీళ్లకు వెళ్లిన ఒక తల్లి తిరిగి రాలేదు. జనం పొద్దుండగానే తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు. దొర మైలారన్నను పిలిపించాడు.

"గట్టి విల్లు కావాలి మైలారన్నా. వానలు పడితే అడవి మూసుకుపోతుంది, చిరుత జాడ దొరకదు. ఈలోపల చేసియ్యగలవా?"

"మా ఇంటి విల్లు ఎప్పుడన్నా మాట తప్పిందా దొరా? చేసిస్తాను."

"మరి వేసేదెవరు?"

"మా బావమరిది కొమరడు ఉన్నాడు గదా. వాడి గురి తప్పదు."

కొమరడు మైలారన్న భార్య ఈరమ్మకు తమ్ముడు. చిన్నప్పుడే తల్లి పోతే ఈరమ్మే చంకనేసుకుని పెంచింది. గాలికి ఊగే కొమ్మ మీద ఒక ఆకును చూపించి కొట్టమంటే ఆ ఆకునే కొట్టేవాడు. దొరకు ఆ సంగతి తెలుసు గనక సరేనన్నాడు.

అటక మీద ఆరిన బద్ద ఒక్కటే మిగిలింది. తక్కినవన్నీ పచ్చివి. మైలారన్న ఆ ఒక్కదాన్ని దించి పనికి కూర్చున్నాడు. చెక్కాడు, గీకాడు, వంచాడు. తన చేతుల మీదుగా అంత మంచి విల్లు ఎప్పుడూ రాలేదనిపించింది. ఆఖరికి అల్లెతాడు కట్టి నిండా లాగి చూశాడు.

'టిక్'మంది.

చాలా చిన్న చప్పుడు. పెరట్లో గింజలు ఏరుకుంటున్న కోడి తలైనా ఎత్తలేదు.

మైలారన్న తాడు విప్పి కూర్చుండిపోయాడు. వేలితో తడిమితే వింటి వీపు మీద, పిడికి కాస్త పైన, వెంట్రుకంత గీత తగిలింది. దీన్ని విరిచేస్తే దొరకు ఏం చెప్పాలి? ఇంకో బద్ద ఆరేసరికి ఏడాది పడుతుంది, ఈలోపల ఇంకెంతమంది పోతారో. ఆ బాధ ఆయనకు నిజంగానే ఉంది. కానీ ఆ బాధ వెనకాల ఇంకొకటి నక్కి ఉంది. మైలారన్న విల్లు గొణిగిందట అని సీమలో అనుకుంటారే, ఆ భయం. ఎండకు పాక వాసం చిట్లి ఉంటుందిలే అనుకున్నాడు. తనకు తాను అబద్ధం చెప్పుకోవడం అదే మొదటిసారి.

గీత మీద పట్టుదారం చుట్టి, పైన కరిగిన ఎర్ర లక్క పోశాడు. ఈరమ్మ గంజి తెచ్చి, విల్లు చూసి ఆగింది.

"ఇదేందయ్యా, పిడి వదిలేసి అక్కడ చుట్టినావు? ఎప్పుడూ చుట్టవే."

"దొర విల్లు గదా. అందానికి."

"బాగానే ఉందిలే," అని గంజి అక్కడ పెట్టి వెళ్లింది. అలా రెండో అబద్ధం భార్యకు చెప్పాడు.

విల్లు అప్పగించే రోజున దొర వాకిట్లో ఊరంతా చేరింది. తొలిబాణం వెయ్యమని దొర విల్లు మైలారన్న చేతికే ఇచ్చాడు. మైలారన్న తాడు మీద వేళ్లు వేసి ఆగిపోయాడు. విరిగిన విల్లు ఎగిరి వచ్చేది లాగినవాడి ముఖం మీదికే. తండ్రి చెప్పని సంగతి ఆయనకు అప్పుడు అర్థమైంది. నోరు తెరిచి నిజం చెప్పడానికి అదే ఆఖరి అదను.

"భుజం పట్టేసింది దొరా," అన్నాడు. "ఈసారికి కొమరడు వేస్తాడు."

కొమరడు విల్లు అందుకుంటూ నవ్వాడు. "ముసలోడివైపోతున్నావు బావా. అక్కకు చెప్పి నూనె రాయించుకో."

అందరూ నవ్వారు. మైలారన్న కూడా నవ్వాడు. తర్వాత ఆ నవ్వు గుర్తొచ్చిన పూటల్లా ఆయనకు అన్నం దిగేది కాదు.

కొమరడు తాడును చెవిదాకా లాగాడు. విల్లు పెళ్లున విరిగింది. పై ముక్క వెనక్కి తన్ని వాడి కుడికంట్లో కొట్టింది.

ప్రాణం దక్కింది గాని కన్ను దక్కలేదు. గురి చూసే కన్ను అదే.

వానలొచ్చాయి. అడవి మూసుకుపోయింది. చిరుత మాత్రం ఊరిదారి మరిచిపోలేదు, ఆ వానాకాలంలో ఇంకో ఇద్దరిని ఎత్తుకుపోయింది. జనం అడవిని తిట్టారు, కర్రను తిట్టారు, తమ నుదుటిరాతను తిట్టుకున్నారు. మైలారన్నను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తమ్ముడి కంటికి ఆకుపసరు కడుతూ ఈరమ్మ కళ్లనీళ్లు పెట్టుకునేది. మళ్లీ తనే భర్తను ఓదార్చేది. "నీ తప్పేముందయ్యా. కర్ర లోపల ఏముందో ఎవరు చూడొచ్చారు." ఆ మాటకన్నా ఆమె చీపురు తిరగేసి కొట్టినా బాగుండుననిపించేది ఆయనకు. అయినా నిజం చెప్పలేదు.

గాయం మానాక కొమరడు పనిపాకకు వచ్చాడు.

"ఇక వేట నావల్ల కాదు బావా. విల్లు చేయడం నేర్పు."

కాదనే నోరు మైలారన్నకు ఎక్కడిది? మాను ఎంచడం నేర్పాడు, చీల్చడం నేర్పాడు, బాడిశ పట్టడం నేర్పాడు. కట్టుబాట్ల దగ్గరికి వచ్చేసరికి నేల చూస్తూ చెప్పాడు.

"వంచేటప్పుడు గొణిగితే విరిచెయ్యాలి."

"ఎంత చిన్నగా గొణిగినా?"

"ఎంత చిన్నగా గొణిగినా."

కొమరడు తలూపి మళ్లీ పని చూసుకున్నాడు.

వేసవి తిరిగి వచ్చింది. అటక మీది పచ్చి బద్దల్లో చాలావరకు పగుళ్లు తీశాయి. మూడు మాత్రం నికరంగా ఆరాయి. కొమరడు ఒకటి దించి చెక్కాడు. దొర మనుషులు పాక ముందు నిలబడి ఉండగానే లాగి చూశాడు. ఒక్క క్షణం తల పక్కకు వంచి విన్నాడు. తర్వాత దాన్ని మోకాలికేసి విరిచేశాడు.

"మాకేం వినపడలేదే," అన్నారు వాళ్లు.

"నాకు వినపడింది."

రెండోదీ గొణిగింది. రెండోదీ విరిచేశాడు. ఊళ్లో వాళ్లకు ఒళ్లు మండింది. మనుషులు చస్తుంటే ఈ ఒంటికన్నువాడు కూర్చుని కర్రలు విరుస్తున్నాడని మొహం మీదే అన్నారు. కొమరడు ఆఖరి బద్ద దించుకున్నాడు.

మైలారన్న ఇక తట్టుకోలేకపోయాడు. జనం వెళ్లిపోయాక బావమరిది ఎదుట కూలబడ్డాడు.

"కొమరా, ఆ విల్లు గొణిగిందిరా. నేను విన్నాను."

కొమరడు గీకడం ఆపలేదు. "తెలుసు బావా," అన్నాడు. "మంచాన ఉన్నప్పుడు ఆ ముక్క తెప్పించుకుని దారం విప్పినాను. లక్క లోపలి గీతలోకి దిగి ఉంది. లక్క పోసేనాటికే గీత ఉందన్నమాట."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదురా?"

"అక్కకు మనిద్దరం తప్ప ఎవరున్నారు? నువ్వే చెప్తావని చూసినాను. ఏడాదంతా చూసినాను."

మైలారన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ సాయంత్రమే ఈరమ్మకు చెప్పాడు, తెల్లారి దొర వాకిట్లో నిలబడి అందరికీ చెప్పాడు. దొర ఆయన బాడిశ తీసుకుని కొమరడి చేతికిచ్చాడు. ఈరమ్మ వేళకు అన్నం పెట్టేది, మునుపటిలా పక్కన కూర్చునేది కాదు.

మూడో విల్లు గొణగలేదు. మళ్లీ అదే వాకిలి, అదే జనం. ఇప్పుడు కొమరడికి ఎడమ కన్నే దిక్కు గనక విల్లు కుడిచేతికి మార్చుకున్నాడు. మైలారన్న జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"ఆ తొలిబాణం నాకియ్యరా. నీకు ఉన్నది ఆ ఒక్క కన్నే."

"చేసింది నేను బావా," అన్నాడు కొమరడు.

ఆ ఒక్క కన్ను పక్కగా తాడును చెవిదాకా లాగాడు. ఈరమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బాణం వెళ్లి గురికి పాతిన గుంజలో దిగింది. విల్లు చెక్కుచెదరలేదు.

వానలు పడకముందే దొర వేటగాళ్లు ఆ వింటితో చిరుతను కొట్టారు. మొన్న తిట్టినవాళ్లే విళ్ల కోసం కొమరడి పాక ముందు నిలబడ్డారు. పోయినవాళ్లు మాత్రం తిరిగి రాలేదు, పోయిన కన్నూ రాలేదు. మైలారన్న అడవినుంచి బద్దలు మోసుకొచ్చి, పాకలో ఎప్పుడూ కొమరడికి ఎడమపక్కనే కూర్చునేవాడు. కుడిపక్క చూడటం ఆయనకు చివరిదాకా చేతకాలేదు.

అందుకే పిల్లలూ, మన పనిలో లోపం మనకొక్కరికే తెలిసినప్పుడు దాన్ని కప్పిపెట్టకూడదు. మనం దాచిన పగులు మనల్ని నమ్మినవాళ్ల చేతుల్లోనే విరుగుతుంది.