వానకి రావలసిన కడియాలు

రాజుగారి వడ్డీ కొఠీలో గుమాస్తాగా చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి పెద్ద అధికారి అయిన సింగరాజు చేతికి మోచేతి దాకా బంగారు కడియాలే. కొఠీకి లాభం వచ్చిన ప్రతి ఏడూ రాజుగారు ఆయనకు ఒక కడియం తొడగడం అక్కడి ఆనవాయితీ.

ఆ ఏడు చినుకు పడలేదు. రైతులు బాకీలు కట్టలేదు, కొఠీ మునిగింది. ఉప్పు అమ్మి కూడబెట్టిందంతా అందులోనే దాచుకున్న నూకాలు, తనలాంటి మరి నలుగురితో కలిసి రాజుగారి సభకు వెళ్లి తమ సొమ్ము అడిగింది.

"కరువొస్తే నేనేం చెయ్యను మహాప్రభూ?" అన్నాడు సింగరాజు. రాజుగారు తల ఊపారు.

నూకాలు ముందుకొచ్చింది. గొంతు మాత్రం పెంచలేదు. "నిజమే బాబూ. మరి ఆ కడియాలొచ్చిన ఏళ్లలో వానలు పడ్డాయా?"

"బాగానే పడ్డాయి" అన్నాడు సింగరాజు.

"నష్టం కరువు తెచ్చిందంటే, లాభం వాన తెచ్చినట్టే కదా. ఆ కడియాలు వానకి రావలసినవి. మా దగ్గర ఉంచండి. వానొచ్చి అడిగితే ఇచ్చేస్తాం."

రాజుగారు దిగివచ్చి సింగరాజు చెయ్యి పట్టుకున్నారు. "తొడిగింది నేనే. నా చేత్తోనే తీసి వీళ్లకిస్తాను" అన్నారు.

సభ నుంచి బయటికొచ్చిన సింగరాజు, బోసిపోయిన ఆ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, మొదటిసారి ఆకాశం వంక చూశాడు.