పేరు చెప్పుకోని దాత

ఎర్రకొండ మీద కోట, కొండ కింద ఏరు ఉన్న ఒకానొక రాజ్యంలో రణభీమరాజనే రాజుండేవాడు. యుద్ధమంటే ఎరగడు గాని, ఆయన మీసం మాత్రం ఎప్పుడూ యుద్ధానికి లేచినట్టే ఉండేది.

ఆయన తాతగారు ఫిరంగుల కోసం కూడబెట్టిన మందుగుండు కోటలో ఒక కొట్టు నిండా, కాగుల్లో పడి ఉంది. ఆ కొట్టుకి సరిగ్గా దిగువన సాలెవాళ్ళ వీధి. పగటిపూట గాలి కింద నుంచి కొండెక్కుతుంది కదా! ఒక్క నిప్పురవ్వ దానితో ఎగిరిందంటే కోటా మిగలదు, వీధీ మిగలదు. అందుకని ఆ వీధిలో తెల్లవారకముందే వండుకుని పొయ్యి ఆర్పేసేవాళ్ళు. పగలల్లా చల్లన్నమే. వేసవి చివర ఉరుము వినబడితే చాలు, పిల్లల్ని చంకనేసుకుని ఏటి గట్టుకి పరుగు. పిడుగుకి రాజాజ్ఞ తెలియదు మరి.

ఆస్థానంలో మాటకారి తిరుకాళప్ప ఆ వీధిలో పుట్టినవాడే. వాళ్ళమ్మ అక్కమ్మ ఇంకా అక్కడే ఉంటోంది. తన దగ్గరికి రమ్మంటే, "నా మగ్గం గుంట ఇక్కడుంటే నేనెక్కడికి రానురా?" అనేది.

ఒకనాడు రాజుగారికి మంచి బుద్ధి పుట్టింది. మందుగుండంతా నీళ్ళలో నానబెట్టి పాడుచేయిస్తానని, ఆపైన ఫిరంగులు కూడా కరిగించేస్తానని చాటింపు వేయించాడు. కొండ మీద నీళ్ళెక్కడివి? ఏటినుంచి మోయాలి. కబురు విని ఏటవతలి రాజు ఎద్దుల బళ్ళూ, తోలుతిత్తులూ పంపాడు. కొండ పేలితే రాళ్ళు పడేది ఆయన పొలాల్లోనే కదా! సాలెవాళ్ళు కుండలెత్తుకుని వచ్చారు.

"రణభీముడు ఊరికే చెయ్యి చాపుతాడా? దానికి నియమాలుండాలి!" అన్నాడు రాజు.

మంత్రి నియమాలు చదివాడు. ఇచ్చేవాడు ప్రభువు కన్నా కింద ఉండకూడదు. పొరుగు రాజై ఉండకూడదు. ఇచ్చినందువల్ల తనకు లాభం ఉండకూడదు. ఇచ్చానని పేరు చెప్పుకోకూడదు.

ఇంకేముంది! బళ్ళు కోట వాకిట నిలిచిపోయాయి. కుండలు ఖాళీగా ఇళ్ళకు పోయాయి.

ఆ సాయంత్రమే ఉరిమింది. అక్కమ్మ మోకాళ్ళు కదలలేదు. తిరుకాళప్ప తల్లిని వీపున వేసుకుని ఏటి గట్టుకి మోశాడు. అక్కడ కూర్చుని ఆమె చాలాసేపు ఆకాశం కేసి చూసింది.

"నీళ్ళు మోసేవాళ్ళు లేరంటారేమిరా? ఆ పైవాడు ఏటేటా మోసుకొస్తూనే ఉన్నాడు. కప్పు మీద పోసి పోతున్నాడు, పాపం."

తిరుకాళప్ప ఉలిక్కిపడి తల్లి ముఖం చూశాడు.

మర్నాడు సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, ఒక దాత దొరికాడు. తమకన్నా పైనుంటాడు. రాజ్యం లేదు, లాభం అక్కర్లేదు."

"పేరు?"

"చెప్పుకోకూడదన్నారుగా, ప్రభూ!"

రాజు మీసం దువ్వుకున్నాడు. "సెబాసు! అలాంటివాడి దగ్గర పుచ్చుకోవచ్చు. ఎప్పుడొస్తే అప్పుడు, ఏ దారిన వస్తే ఆ దారి తెరవండి. ఇది నా మాట."

ఉరుములూ పిడుగులూ వెళ్ళిపోయేదాకా తిరుకాళప్ప కళ్ళలో వత్తులు వేసుకుని కాచుకున్నాడు. ఆ తరవాత ముసురు పట్టింది. గుట్టుగా, విడవకుండా కురిసే వాన. వెంటనే మనుషుల్ని పెట్టి కొట్టు మీద పెంకులన్నీ దింపించాడు. కాగుల మూతలు తీయించాడు.

ముసురు వెలిసేసరికి కాగుల్లో నల్లటి బురద మిగిలింది.

రాజు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నా కోట కప్పు ఊడదీయిస్తావా?"

"దాత ఆ దారినే వస్తానన్నాడు, ప్రభూ. నియమం ఏదైనా తప్పాడేమో మంత్రిగారిని చూడమనండి."

మంత్రి మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు. ఏ నియమమూ తప్పలేదని తలూపాడు.

"ఆ వానే, ప్రభూ, మన గడ్డి మీదా కురుస్తుంది, ఏటవతల గడ్డి మీదా కురుస్తుంది. పుచ్చుకున్నందుకు ఏ గడ్డీ చిన్నబోలేదు," అన్నాడు తిరుకాళప్ప మెల్లగా.

రాజు చెయ్యి మీసం మీద నుంచి దానంతటదే జారింది. తరవాత పకపకా నవ్వి, ముంజేతి కడియం తీసి తిరుకాళప్ప చేతికి తొడిగాడు.

"ఇంకేం కావాలో అడుగు."

"పాత ఫిరంగులు కరిగించాలి, ప్రభూ. బొగ్గులు మోయడానికి వాకిట బళ్ళున్నాయి. పొరుగు రాజు వాటిని ఎందుకిచ్చారో అందుకే వాడతామని తమరు మాటిస్తే చాలు, వేరే నియమాలక్కర్లేదు. తలుపు తీయించండి."

తలుపులు తెరుచుకున్నాయి. అదే వేళకి దిగువ నుంచి సన్నగా పొగ లేచింది. భటులు హడలిపోయారు.

"భయం లేదు, ప్రభూ! అది మా అమ్మ పొయ్యి. మిట్టమధ్యాహ్నం వండుతోంది."

రాజు ఆ పొగకేసి చూస్తూ ఉండిపోయాడు. గాలి కొండెక్కి తిరగమోత వాసన తెచ్చింది.

"ఒరే తిరుకాళా, మీ అమ్మని అడిగి నాకో ముద్ద తెచ్చిపెట్టరాదూ?"

"ఏ నియమం కింద పుచ్చుకుంటారు, ప్రభూ?"

"ఆకలి నియమం కిందరా!" అని రాజు మళ్ళీ నవ్వాడు. ఈసారి ఆయన మీసం కూడా నవ్వింది.