బుడుంగి కౌగిలి

ఒకప్పుడు వరిమడిలో నీళ్లు నిలిచి ఉండేవి కావు. వచ్చేవి, తడిపేవి, పోయేవి. మడి ఆరేది, మళ్లీ తడిసేది. ఆరినప్పుడల్లా సన్నగా నెర్రెలిచ్చేది. ఆ నెర్రెల్లోంచి గాలి లోపలికి దూరేవాడు. బురదమ్మని పలకరించి, వరి వేళ్ల మధ్య కాసేపు తిరిగి, మళ్లీ బయటికి వచ్చేవాడు.

అప్పట్లో వేడి కూడా నిలిచి ఉండేది కాదు. సూరీడు పొద్దున్నే తన వేడిపిల్లల్ని భూమ్మీదికి ఆడుకోవడానికి పంపేవాడు. వాళ్లు రాళ్లమీద దొర్లేవారు, కొబ్బరి మట్టలమీద జారేవారు, గేదెల వీపులెక్కేవారు. సాయంత్రం కాగానే అందరూ పైకి లేచి, చుక్కల అవతల ఉన్న అమ్మమ్మ ఇంటికి వెళ్లిపోయేవారు. వాళ్లు వెళ్లాక భూమి చల్లబడేది. గడ్డిమీద మంచు కూర్చునేది. వరికంకి హాయిగా పాలు పోసుకునేది.

ఆ మడి నూకరత్నానిది. ఆమె నోరు పెద్దది. నడుం నొప్పి అంతకంటే పెద్దది.

నడుం నొప్పికి కారణం కలుపు. తుంగ ఒకవైపు, ఊదగడ్డి ఒకవైపు. ఊద మరీ టక్కరిది. వరి పక్కనే, వరిలాంటి ముఖం పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడేది. నూకరత్నం వంగి పీకేది. ఈ చివర పీకి ఆ చివరికి వెళ్లేసరికి ఈ చివర మళ్లీ మొలిచేది.

ఒకరోజు ఆమెకి ఒళ్లు మండింది. మడిలోకి వచ్చిన నీళ్లని నిలేసింది.

"ఇదిగో నీళ్లూ, ఎక్కడికా పరుగు? కూర్చోండి ఇక్కడే. మీరు మీద కూర్చుంటే ఊద మొలవదు."

"ఎన్నాళ్లు కూర్చోవాలమ్మా?" అన్నాయి నీళ్లు.

"కోతలదాకా."

"అన్నాళ్లా! కాళ్లు తిమ్మిరెక్కుతాయేమో."

"మీకు కాళ్లెక్కడ ఏడిశాయి?" అంది నూకరత్నం. నీళ్లు బయటికి పోయేందుకు గట్టులో చిన్న దారి ఉంటుంది, దాన్ని మడవ అంటారు. ఆ మడవని ఇంత మట్టి పెట్టి మూసేసింది.

పని జరిగింది. ఊద మొలవలేదు. నూకరత్నం నడుం నిటారుగా నిలబడింది. ఆమెని తప్పుపట్టాలని ఉందా? ముందు ఒక్క పూట మడిలో వంగి కలుపు తీసి రండి. తరవాత మాట్లాడదాం.

సాయంత్రం గాలి వచ్చాడు.

"జరగండి నీళ్లూ, నేను లోపలికి పోవాలి. రోజూ వెళ్లే ఇల్లే."

"జరగం. ఆవిడ కూర్చోమంది. ఆవిడ నోరు నీకు తెలుసుగా."

గాలి ఒకరోజు కొట్టాడు, పది రోజులు కొట్టాడు. నీళ్లమీద ముడతలు పడ్డాయిగానీ తలుపు తెరుచుకోలేదు. "సరే, నా అవసరం లేనిచోట నాకేం పని!" అని రోషంగా వెళ్లిపోయాడు.

గాలి రాని చోటికి గాలి గిట్టని జీవాలు చేరతాయి. సూదిమొన కన్నా చిన్నవి. అవి ఆ బురద చీకట్లో కూర్చుని పాత దుబ్బులు తిన్నాయి, కుళ్లిన వేళ్లు తిన్నాయి. తిని తిని ఒక పెద్ద ఊపిరి వదిలాయి.

ఆ ఊపిరే ఒక పిల్ల.

ఆ పిల్లకి రంగు లేదు, వాసన లేదు. బురదకి వాసన ఉంటుంది కదా అంటారేమో, అది వేరేవాళ్లది. ఈ పాపకి అదీ లేదు. పేరు కూడా లేదు. ఎవరైనా చూస్తే కదా పిలవడానికి పేరు కావాల్సింది?

"అమ్మా, నేనెలా ఉంటాను?" అని బురదమ్మని అడిగింది.

"నాకు కళ్లు లేవే తల్లీ."

"పోనీ తడిమి చెప్పు."

"నాకు చేతులూ లేవే."

వరి వేరుని అడిగింది. "నేను తినే తొందరలో ఉన్నా, తరవాత రా" అంది వేరు. రోజూ అదే మాట అంది. పీత అడ్డంగా వచ్చి, అడ్డంగా ఆ పిల్లలోంచే నడిచి వెళ్లిపోయింది. ఎవరిలోంచి నడిచిందో కూడా దానికి తెలియదు.

అలా ఆ పిల్ల బురదలో ఒక గుంట చేసుకుని కూర్చుంది. పైన నీళ్లు, చుట్టూ చీకటి. ఎవరో ఒకరు వస్తారని చెవులు రిక్కించుకుని కూర్చుంది. చెవులున్నాయో లేవో తనకే తెలియదు, అయినా రిక్కించింది.

ఒకరోజు పైనుంచి ఏదో దిగింది. వెచ్చగా, బరువుగా, అయిదు వేళ్లతో. సరిగ్గా ఆ పిల్లమీదే ఆనింది.

నూకరత్నం పాదం.

పుట్టాక ఆ పిల్లని తాకినది అదే మొదలు. "అమ్మో, నాకోసమే! నాకోసం ఎవరో వచ్చారు!" అని ఒక్క గెంతు గెంతింది. బురద చీల్చుకుని, నీళ్లు తోసుకుని, ఎవరొచ్చారో చూద్దామని పైకి వచ్చింది.

బుడుంగ్!

నీళ్లమీద బుడగ లేచింది, పగిలింది. ఆ పిల్ల బయటపడి నూకరత్నం ముఖం ముందే నిలబడింది.

"కప్ప అయ్యుంటుంది" అంది నూకరత్నం. తల తిప్పి చూడనైనా లేదు. పాదం ఎత్తి రెండో అడుగు వేసింది. అక్కడా బుడుంగ్. మూడో అడుగు వేసింది. అక్కడా బుడుంగ్. ఒక్కో అడుక్కీ ఒక్కో పిల్ల ఆశగా లేచి వచ్చింది. ఆమె ఒక్కరినీ చూడలేదు.

మనం మాత్రం మొదట లేచిన పిల్లని బుడుంగి అందాం. ఎవరో ఒకరు పేరు పెట్టాలి కదా.

బుడుంగి గాల్లో తేలింది. కొంగ దగ్గరికి పోయి "కొంగక్కా" అంది. కొంగ ఆమెలోంచే ఎగిరిపోయింది. మబ్బు దగ్గరికి పోయి "కాసేపు నీ పక్కన ఉండనా?" అంది.

"నువ్వు ఆవిరివా?" అంది మబ్బు.

"కాను."

"అయితే జరుగు. ఇక్కడ మావాళ్లకే చోటు లేదు."

గట్టుమీద గేదె పడుకుని నెమరు వేస్తోంది. అది నోరు తెరిచి బ్రేవ్‌మని ఒక తేనుపు తేన్చింది. ఆ తేనుపులోంచి అచ్చం బుడుంగి లాంటి పిల్లే బయటికి దూకింది. రంగు లేదు, వాసన లేదు.

"అక్కా!" అని అరిచింది బుడుంగి.

"చెల్లీ!" అంది ఆ పిల్ల. అంతే. గాలి అటొక తోపు, ఇటొక తోపు తోశాడు. ఒకరు తూర్పుకి పోయారు, ఒకరు పడమటికి పోయారు. చేతులు కలిసింది లేదు.

గేదె మళ్లీ నెమరులో పడింది. అది రోజుకి ఎంతమంది పిల్లల్ని అలా ఊళ్లోకి వదులుతుందో దానికే తెలియదు.

సాయంత్రమైంది. వేడిపిల్లలు ఆటలు ముగించి అమ్మమ్మ ఇంటికి బయల్దేరారు. గుంపులు గుంపులుగా పైకి వెళుతున్నారు. వాళ్లలో ఒక బుల్లి వేడి వెళుతూ వెళుతూ ఠక్కున ఆగాడు.

"ఎవరది? నాకెవరో తగిలారు."

బుడుంగికి ఊపిరాగినంత పనయింది. "నేను నీకు తగిలానా?"

"ఆ, తగిలావు. మెత్తగా ఉన్నావు."

మెత్తగా ఉన్నావు! తనెలా ఉంటుందో ఎవరో చెప్పారు. బుడుంగి రెండు చేతులూ చాచి బుల్లి వేడిని గట్టిగా కౌగిలించుకుంది.

"ఒక్క క్షణం ఉండు" అంది.

బుల్లి వేడి ఉన్నాడు. కాసేపటికి, "ఇక వదులు, అమ్మమ్మ ఎదురుచూస్తుంది" అన్నాడు.

"ఇంకొక్క క్షణం."

"మావాళ్లంతా వెళ్లిపోతున్నారు."

"ఇంకొక్కటే."

ఆ క్షణం ఇంకా అయిపోలేదు.

బొగ్గు కాల్చినప్పుడూ కట్టె కాల్చినప్పుడూ లేచే బొగ్గుగాలి అప్పటికే ఆకాశంలో ఉన్నాడు. ముసలాడు. వాడూ దారిన పోయే వేడిపిల్లల్ని పట్టుకునేవాడే, కానీ ఏదో వేలు పట్టుకున్నట్టు వదులుగా పట్టుకునేవాడు. బుడుంగి పట్టు అలాంటిది కాదు. పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ లేనివాళ్ల పట్టు ఎలా ఉంటుందో చూసినవాళ్లకి తెలుస్తుంది.

నూకరత్నం కలుపు బాధ తప్పించుకుందని విని పక్క మడివాళ్లు మడవలు మూశారు. ఆ పక్కవాళ్లూ మూశారు. ప్రతి మడిలోంచీ బుడుంగులు లేచాయి. ఊరిబయట చెత్తకుప్ప అడుగునుంచి కూడా లేచాయి. సాయంత్రం అయ్యేసరికి ఆకాశం నిండా చాచిన చేతులే.

ఆ చేతుల్ని దాటి ఇల్లు చేరలేని వేడిపిల్లలు ఏడుస్తూ మళ్లీ భూమ్మీదే పడ్డారు. పొద్దుపోయినా రాళ్లు చల్లబడలేదు. గడ్డిమీద మంచు కూర్చోలేదు. వరి కంకి రాత్రంతా ఉక్కపోతతో అల్లాడింది. పాలు పోసుకోలేకపోయింది.

నూకరత్నం ఒక కంకి తెంపి అరచేతిలో నలిపింది. అన్నీ తాలే. గింజ లేదు. ఇంకో కంకి నలిపింది, అదీ తాలే. ఈ పంట పోతే ఏడాదంతా ఆమె కుండలో ఉడికేది వట్టి నీళ్లే.

ఆమె నడుంమీద చెయ్యి పెట్టుకుని ఆకాశంకేసి చూసింది.

"ఏమయ్యా సూరీడూ! కళ్లు నెత్తికెక్కాయా? ఎంతమంది పిల్లల్ని తోలుతున్నావు నా నెత్తిమీదికి?"

"నోరు జాగ్రత్త నూకరత్నం" అన్నాడు సూరీడు. "నేనెప్పుడూ పంపినంతమందినే పంపుతున్నాను. నా పిల్లలే ఇల్లు చేరడం లేదు. మా అత్తగారు కబురుమీద కబురు పెడుతోంది, పిల్లలేరీ అని. నా పిల్లల్ని ఎక్కడ దాచావో ముందు నువ్వు చెప్పు!"

నూకరత్నం గాలివైపు తిరిగింది. "ఒరే గాలీ, ఊళ్లన్నీ తిరుగుతావు. నీకు తెలియకుండా ఉండదు."

"నాకు తెలుసు. నన్నెవరడిగారు?" అన్నాడు గాలి. "వాళ్లని పట్టుకున్నవాళ్లు నీ మడిలోనే పుట్టారు. నన్ను లోపలికి రానిచ్చి ఉంటే పుట్టినవాళ్లని పుట్టినచోటే ఎత్తుకునేవాణ్ణి. నాలో కలిసిపోయేవారు. నువ్వేమో మొహాన తలుపేశావు."

నూకరత్నం పైకి చూసి కేకేసింది. "ఎవరే అక్కడ? ఎవరి పిల్లల్ని పట్టుకు కూర్చున్నావు? వదులు!"

"పాదాలావిడా, నువ్వేనా?" అంది ఒక గొంతు. ఎక్కడినుంచో తెలియదు. "నీ గొంతు కూడా పాదంలాగే బరువుగా ఉంది."

"నేను నీకెలా తెలుసే?"

"నన్ను మొదట తాకింది నువ్వేగా. నీకోసమే పైకి వచ్చాను. నువ్వు కప్ప అన్నావు."

నూకరత్నం తన పాదాలకేసి చూసుకుంది.

"తల తిప్పి ఉంటే ఈ బుల్లిగాణ్ణి పట్టుకునేదాన్ని కాదేమో" అంది బుడుంగి. "ఇప్పుడు వదిలితే మళ్లీ నాకెవరూ లేరు. నువ్వొచ్చి నా పక్కన ఉంటావా?"

నూకరత్నం చేతులు చాచింది. ఎటు చాచాలో తెలియక అటూ ఇటూ చాచింది. ఏమీ తగల్లేదు. ఎవరికోసం చాచిందో కనపడలేదు. పక్క మడిలోవాళ్లు ఈవిడకి పిచ్చెక్కిందనుకున్నారు.

"చెయ్యి నొప్పెడుతుంది, దించు పాదాలావిడా" అంది బుడుంగి నెమ్మదిగా. "నేను నీకు అందను. ఆ సంగతి నాకు తెలుసు. ఊరికే అడిగాను."

"ఎన్నాళ్లు పట్టుకుంటుంది?" అని నూకరత్నం గాలిని అడిగింది.

"పన్నెండేళ్లో, అటూ ఇటూ. రోజూ కాస్త కాస్త అరుగుతుంది. ఆ తరవాత చేతులు వాటంతట అవే జారిపోతాయి. వెళ్లినవాళ్లని నువ్వూ నేనూ వెనక్కి తేలేం."

నూకరత్నం పార తీసుకుంది.

మడవ మట్టి ఒక్క పెట్టున లాగేసింది. "లేవండి నీళ్లూ. కూర్చున్నది చాలు."

"అమ్మయ్య" అని నీళ్లు పరుగు తీశాయి. "ఊద మొలుస్తుంది మరి!" అని పోతూ పోతూ ఎగతాళి చేశాయి.

"మొలవనీ. నా నడుం, నా ఏడుపు. ఒక పిల్లని చీకట్లో ఒక్కదాన్నే కూర్చోబెట్టి నేను నిటారుగా నిలబడలేను."

ఒక వెదురు బొంగుకి చుట్టూ చిల్లులు పొడిచి మడిలో పాతింది. నీళ్లు ఎంత లోతుకి పోయాయో అందులోకి తొంగి చూసేది. జానెడు కిందికి పోయాకే మళ్లీ నీళ్లు పెట్టేది. అవి పోయి మడి ఆరి నెర్రెలిస్తే గాలి లోపలికి వచ్చేవాడు. బురదలో కొత్తగా పుట్టిన ఏ పిల్లకీ ఎదురుచూసే పని లేకుండా పోయింది. పుట్టగానే గాలి ఎత్తుకునేవాడు.

చూసినవాళ్లలో కొందరు మడవలు తెరిచారు. కొందరు తెరవలేదు. గేదె తేన్చడం మానలేదు. చెత్తకుప్ప చిన్నది కాలేదు.

నూకరత్నం రోజూ ఆ వెదురు బొంగులోకి వంగి, "ఎవరైనా ఉన్నారా?" అని అడిగేది. ఎవరూ పలికేవారు కాదు. పలకకపోతే మంచిదేనని ఆమెకి తెలుసు. అయినా మర్నాడు మళ్లీ అడిగేది.

పన్నెండేళ్లు గడిచాయి. ఒక సాయంత్రం బుడుంగి చేతులు అరిగి అరిగి దారాలంత అయ్యాయి. బుల్లి వేడి నెమ్మదిగా జారాడు.

"వెళ్లనా?" అన్నాడు.

"వెళ్లు. అమ్మమ్మకి చెప్పు, నేను మెత్తగా ఉంటానని."

వాడు వెళ్లిపోయాడు. బుడుంగి కాస్త బొగ్గుగాలిగా, ఒక చిన్న నీటిచుక్కగా మారిపోయింది.

కింద ముసలి నూకరత్నం గట్టుమీద కూర్చుని ఉంది. మబ్బు లేదు, వాన లేదు, మోచేతిమీద ఒక చుక్క పడింది. ఆమె దాన్ని తుడుచుకోలేదు. తల తిప్పి చూసింది. ఆరిపోయేదాకా చూస్తూనే ఉంది.

అప్పటినుంచే, నీళ్లు నిలిచిన మడిలో ఎవరు కాలు పెట్టినా బుడుంగ్‌మని బుడగలు లేస్తాయి. లోపల చెవులు రిక్కించుకుని కూర్చున్నవాళ్లు, తమకోసమే ఎవరో వచ్చారని ఇప్పటికీ పైకి వస్తారు. అప్పటినుంచే, సాయంత్రం ఇంటికి బయల్దేరిన వేడి అంతా ఇల్లు చేరదు.